వెనక్కి వచ్చే దారి
మెయిన్‌ఫ్రేమ్ సిస్టం ప్రోగ్రామర్ల పనిలో కొన్ని చిట్కాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యవర్గం వారు ఈ సభకు ఒక మంచి నియమం పెట్టారు. మాట్లాడే ప్రతివారూ తమ వృత్తిలో నేర్చుకున్నది, పదిమందికీ పనికొచ్చేది ఒకటి చెప్పాలన్నారు. నా వృత్తి మెయిన్‌ఫ్రేమ్ సిస్టం ప్రోగ్రామింగ్. ఈ మాట వినగానే మా బంధువుల్లో చాలామంది "పాత కంప్యూటర్లు బాగుచేస్తాడట" అని సరిపెట్టుకుంటారు. అందులో కొంత నిజం ఉంది కాబట్టి నేనూ కాదనను. ఈ హాల్లో మా లైనులో ఉన్నవాళ్లు పాతిక మందైనా ఉంటారు. చిట్కాలు వాళ్ల కోసం. మిగతావారు విసుక్కోకుండా వినగలిగేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మెయిన్‌ఫ్రేమ్ అంటే బ్యాంకుల ఖాతాలు, బీమా పాలసీలు, క్రెడిట్ కార్డుల లెక్కలు రాత్రీ పగలూ మోసే పెద్ద కంప్యూటర్. ఐబీఎం వారు 1964 ఏప్రిల్ 7న సిస్టం/360 అనే కుటుంబాన్ని ప్రకటించారు. ఇవాళ్టి జెడ్16, జెడ్17 యంత్రాలు దాని సంతానమే. ఆ రోజుల్లో రాసిన ప్రోగ్రాం ఈ రోజు యంత్రం మీద కూడా నడుస్తుంది. తాతగారు కట్టిన ఇంట్లోనే కాపురం ఉంటూ, ఇంట్లోవాళ్లను ఒక్క పూట కూడా బయటికి పంపకుండా పునాది మార్చినట్టు ఉంటుంది మా పని.

మన తెలుగువాళ్లకు ఈ యంత్రంతో చుట్టరికం 2000 సంవత్సరం సమస్యతో గట్టిపడింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండు అంకెలతోనే రాశారు. 99 తర్వాత 00 వస్తే అది 1900 అనుకుంటుందేమోనని లోకమంతా బెంగపడింది. ఆ కోబాల్ ప్రోగ్రాములు సరిదిద్దడానికి మనుషులు కావాల్సి వచ్చారు. అమెరికా హెచ్1బీ వీసాల ఏటి పరిమితిని 65,000 నుంచి 1999, 2000 సంవత్సరాలకు 1,15,000కు పెంచింది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఇరుకు గదుల్లో కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 నేర్చుకుని మన చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు విమానం ఎక్కారు. మీలో చాలామంది ఇళ్ల గోడలకు ఆ కాలపు ఫొటోలు ఉండే ఉంటాయి.

వాళ్లలో ఎక్కువమంది అప్లికేషన్ ప్రోగ్రామర్లు, అంటే ఆ ఇంట్లో కాపురం ఉండేవాళ్లు. ఇంటికి కరెంటు, నీళ్లు, పైకప్పు చూసుకునేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లే సిస్టం ప్రోగ్రామర్లు. వంద మందికి ఒకరిద్దరు. ఆపరేటింగ్ సిస్టం వేయడం, దానికి మరమ్మతులు ఎక్కించడం, అది పడిపోతే లేపడం వాళ్ల పని. అమెరికా తూర్పు తీరంలో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు సిస్టం దించి మార్పు చేస్తారు. అప్పుడు మనకు పగలు పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర. పెళ్లి భోజనాల మధ్య లాప్‌టాప్ పట్టుకుని పక్క గదిలోకి వెళ్లే కుర్రవాణ్ణి చూస్తే మావాడేనని తెలుసుకోండి.

ఈ పనిలో వేగం గురించి చెప్పమంటే చాలామంది కీబోర్డు చిట్కాలు చెబుతారు. అవీ కావాలి, నేనూ చెబుతాను. కానీ మా పనిలో టైం టైపింగులో పోదు. మార్పు చేయడానికి పది నిమిషాలు పడితే, అది ఎందుకు వికటించిందో కనుక్కోవడానికి రాత్రంతా పడుతుంది. అందుకని పని తొందరగా కావాలంటే చేసిన మార్పు నుంచి క్షేమంగా వెనక్కి వచ్చే దారి ముందే వేసుకోవాలి. నేను చెప్పేవన్నీ ఆ దారి చుట్టూ తిరిగేవే.

ముట్టుకునే ముందు చూడటం

ఏ సిస్టం మీద కూర్చున్నా నేను మొదట కొట్టే కమాండు డి ఐపీఎల్‌ఇన్ఫో. సిస్టం ఎప్పుడు లేచింది, ఏ డిస్కు నుంచి లేచింది, ఏ లోడ్ మెంబరు, ఏ పరామితుల జాబితాలు వాడింది అన్నీ అరతెర మీద చెబుతుంది. చాలా వాదనలు అక్కడే తీరిపోతాయి. "మనం కొత్త డిస్కు మీద ఉన్నాం కదా" అనే మాటను నమ్మడం కంటే రెండు సెకన్లు పెట్టి చూడటం నయం. చాలా సిస్టములు కలిసి నడిచేచోట దాని ముందు ఆర్‌ఓ స్టార్ ఆల్ చేర్చి కొడితే ఒక్కసారే అన్నింటి జాతకం వస్తుంది.

జాబులు కదలకుండా నిలబడిపోయాయని ఫోను వస్తే లాగ్ చదవడం మొదలుపెట్టకండి. ముందు డి జీఆర్‌ఎస్, కామా, సి కొట్టండి. ఎవరు ఏ ఫైలు పట్టుకుని కూర్చున్నారో, వెనక ఎవరు క్యూలో ఉన్నారో చూపిస్తుంది. గేటు దగ్గర లారీలు ఆగిపోతే వరస చివర ఉన్న లారీ డ్రైవర్ని అడిగి లాభం ఉండదు, మొదటి లారీ దగ్గరికే వెళ్లాలి.

ఇంకొకటి ఐఎస్‌ఆర్‌డీడీఎన్. టీఎస్‌ఓ సెషన్లో ఈ పేరు కొడితే మీకు ఆ క్షణాన తగిలించి ఉన్న లైబ్రరీలన్నీ వరసగా వస్తాయి. అక్కడ మెంబర్ అని రాసి ఒక పేరు ఇస్తే అది ఏయే లైబ్రరీల్లో ఉందో చూపిస్తుంది. "నేను మార్చిన ప్యానెల్ రావడం లేదు, పాతదే వస్తోంది" అని గంటలు పోగొట్టుకునేవారిని చూశాను. వరసలో ముందున్న లైబ్రరీలో అదే పేరుతో పాత కాపీ ఉంటుంది, అంతే. డూప్ అనే కమాండు ఇలాంటి జంటల్ని తనే వెతికి పెడుతుంది.

హెల్త్ చెకర్ అనే పనిముట్టు ఆపరేటింగ్ సిస్టంతోనే వస్తుంది. ప్రత్యేకం కొనక్కర్లేదు. సిస్టం సెట్టింగులు ఎక్కడ ప్రమాదంగా ఉన్నాయో అదే చూసి చెబుతుంది. చాలాచోట్ల అది వందల హెచ్చరికలు ఇస్తుంటుంది, ఎవరూ చదవరు. వారానికి రెండు తీసుకుని తీర్చండి. ఏడాది తిరిగేసరికి వంద తీరతాయి. తీర్చనక్కర్లేదని తేలినవాటికి కారణం రాసి వాటిని ఆపేయండి. నిజమైన హెచ్చరిక వచ్చిన రోజున అది కనబడాలి కదా.

తిరిగి రాగల మార్పు

ఆపరేటింగ్ సిస్టం ఉండే డిస్కును సిస్‌రెస్ అంటాం. నడుస్తున్న సిస్‌రెస్ మీద మరమ్మతు చేయకూడదు. దాని నకలు ఒకటి తీసి, మరమ్మతులన్నీ ఆ నకలు మీద ఎక్కించి, ఆదివారం ఆ నకలు నుంచి సిస్టం లేపాలి. బాగుంటే అదే కొత్త ఇల్లు. బాగాలేకపోతే పాత డిస్కు చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి దాని నుంచి లేపేస్తాం. ఇది పెద్ద చోట్ల అందరికీ తెలిసిన పద్ధతే.

తక్కువమంది సరిగ్గా చేసే భాగం ఒకటుంది. క్యాటలాగులో సిస్టం ఫైళ్ల ఎదురుగా డిస్కు పేరు నేరుగా రాస్తే, డిస్కు మారినప్పుడల్లా వందల పేర్లు మార్చాలి. దాని బదులు ఆరు నక్షత్రాలు గాని, సిస్‌ఆర్1 అనే గుర్తు గాని రాస్తే "ఇప్పుడు ఏ డిస్కు నుంచి లేచామో అదే" అని అర్థం. ముందుకు వెళ్లినా వెనక్కి వచ్చినా ఎవరూ ఏదీ మార్చక్కర్లేదు. కొత్తగా ఒక చోటికి పనికి వెళ్తే నేను వెతికే మొదటి లోపం ఇదే. సిస్‌నేమ్, సిస్‌క్లోన్ లాంటి గుర్తులూ అంతే. పది సిస్టములకు పది పరామితుల పుస్తకాలు పెట్టుకునే బదులు ఒక్కటే పెట్టుకోవచ్చు. ఒక్కచోట దిద్దితే పది చోట్లా దిద్దినట్టు.

పరామితులు ఉండే లైబ్రరీని పార్మ్‌లిబ్ అంటాం. అందులో పనిచేస్తున్న మెంబరును దిద్దకండి. 00 పేరుతో ఉన్నది బాగా నడుస్తుంటే దాన్ని అలాగే ఉంచి, కొత్త అంకెతో కొత్త మెంబరు రాయండి. మార్పు వికటిస్తే పాత అంకె చెబితే చాలు. దిద్దక తప్పనప్పుడు, సేవ్ చేసే ముందు ఎడిట్ తెర మీద కంపేర్ అని రాసి ఒక నక్షత్రం పెట్టండి. డిస్కు మీద ఉన్నదానికీ మీరు దిద్దినదానికీ తేడా అక్కడికక్కడే కనిపిస్తుంది. కామా పొరపాటున ఎగిరిపోతే ఆ తెర మీదే దొరుకుతుంది. ఆ కామా సంగతి ఆదివారం తెల్లవారుజామున తెలుసుకోవడం ఎవరికీ మంచిది కాదు.

సెట్‌ప్రాగ్ లాంటి కమాండ్లతో సిస్టం దించకుండానే చాలా మార్పులు చేయవచ్చు. కానీ అవి జ్ఞాపకంలో మాత్రమే ఉంటాయి. సిస్టం మళ్లీ లేచినప్పుడు పోతాయి. అందుకని కమాండు ఇచ్చిన చేత్తోనే పార్మ్‌లిబ్‌లో కూడా రాయాలి. ఆరు నెలల తర్వాత సిస్టం లేచి, ఎవరికీ అర్థంకాని చోట ఒక ప్రోగ్రాం ఆగిపోయిందంటే మొదట అనుమానించాల్సింది ఇలా మరచిపోయిన కమాండునే.

మరమ్మతులు ఎక్కించే ఎస్ఎంపీఈలో అప్లై చేసే ముందు అప్లై చెక్ నడపడం అందరూ చేస్తారు. దాని నివేదిక చివరిదాకా చదివేవారు తక్కువ. హోల్డు అని ఆపిన మరమ్మతుల ఎదురుగా ఎందుకు ఆపారో ఉంటుంది. అసలు పని ఆ నాలుగు లైన్లలోనే ఉంటుంది. అప్లై చేసినదాన్ని రిస్టోర్‌తో వెనక్కి తీయవచ్చు. యాక్సెప్ట్ చేశాక తీయలేం. కాబట్టి యాక్సెప్ట్ చేయడానికి తొందరపడకండి.

జెస్2 అనేది జాబులన్నీ చూసుకునే మేనేజరు. దాని ప్రొసీజర్ల లైబ్రరీ చెడితే అది లేవదు. అది లేవకపోతే మామూలు దారిలో మనం లాగాన్ కాలేం, దిద్దడానికి జాబు వేయలేం. లోపల గడియ పడిపోయిన గదిలో తాళంచెవి ఉన్నట్టు. ఇలాంటి రోజు కోసం, పాత మెంబరును వెనక్కి కాపీ చేసే చిన్న ప్రొసీజరు ఒకటి ముందే రాసి పెట్టుకోవాలి. జెస్2తో పనిలేకుండా, సబ్ ఈక్వల్స్ ఎంఎస్‌టీఆర్ అని ఆపరేటర్ కన్సోలు నుంచి దాన్ని నడపవచ్చు. రాసి పెట్టుకోవడానికి అరగంట పడుతుంది. దాన్ని ఏడాదికి ఒకసారి నడిపి చూడాలి. ఎప్పుడూ తిప్పని తాళంచెవి తలుపు తీస్తుందన్న నమ్మకం లేదు.

ఒకసారికి ఒకటి

1987లో మన పర్చూరు, మార్టూరు పత్తి చేలకు తెల్లదోమ పట్టిన సంగతి ఇక్కడి పెద్దలకు నేను చెప్పక్కర్లేదు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు మొదట కాయతొలిచే పురుగు మీద బాగా పనిచేశాయి. వాటితోపాటు దోమను తినే మిత్ర పురుగులూ పోయాయి. దోమ పెరిగింది. మందు మోతాదు పెంచారు, రెండు మూడు కలిపి కొట్టారు, వారం తిరగకుండా మళ్లీ కొట్టారు. ఏది పనిచేసిందో, ఏది చేటు చేసిందో తేల్చుకునే వీలే లేకపోయింది. అప్పులు మిగిలాయి. కొన్ని ఇళ్లలో మనుషులే మిగల్లేదు. నేను రైతును తప్పుపట్టను. అంగట్లో మందు అమ్మినవాడు గాని, సలహా చెప్పినవాడు గాని అతనికి వెనక్కి వచ్చే దారి చూపలేదు.

కంప్యూటరు పనిని ఆ కష్టంతో పోల్చడం లేదు. అందులోని పాఠం ఒక్కటే తీసుకుంటున్నాను. సిస్టం ఇబ్బందిలో ఉన్నప్పుడు మేనేజర్లు ఫోనులో ఉంటారు, అందరూ తలా ఒక సలహా ఇస్తారు. ఆ ఒత్తిడిలో మూడు సెట్టింగులు ఒకేసారి మార్చడానికి చేయి దురద పుడుతుంది. మార్చకండి. ఒకటి మార్చి, చూసి, పనిచేయకపోతే దాన్ని యథాస్థానంలో పెట్టి, తర్వాత రెండోది మార్చండి. ఇది నెమ్మదిగా కనిపిస్తుంది. మూడూ కలిపి మార్చి, సమస్య తాత్కాలికంగా తగ్గి, మూడు రోజులకు మళ్లీ వచ్చినప్పుడు పోయే టైంతో పోల్చి చూడండి.

చేతికందే చిన్న పనిముట్లు

ఇప్పుడు కుర్రవాళ్లు ఎదురుచూసే కీబోర్డు చిట్కాలు. ఎడిట్‌లో పదివేల లైన్ల ఫైలు తెరిచినప్పుడు ఎక్స్ ఆల్ కొట్టి అన్నీ దాచేసి, ఫైండ్‌తో కావలసిన పదం పక్కన ఆల్ అని వెతకండి. ఆ పదం ఉన్న లైన్లే బయటికి వస్తాయి. మిగతావి అక్కర్లేకపోతే డెల్ ఆల్ ఎక్స్. మెంబర్ల జాబితా మీద సెర్చ్‌ఫర్ కొడితే లైబ్రరీ మొత్తంలో ఒక మాట ఎక్కడెక్కడ ఉందో చెబుతుంది. ఒక పేరు మార్చే ముందు, ఒక ఫైలు తీసేసే ముందు ఇది తప్పనిసరి. ఎస్‌డీఎస్‌ఎఫ్‌లో జాబు పక్కన ఎస్‌జే అని రాస్తే దాని జేసీఎల్ ఎడిట్‌లో తెరుచుకుంటుంది. అసలు ఫైలు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

రోజూ చేసే పని ఏదైనా మూడోసారి చేస్తున్నారంటే దాన్ని రెక్స్‌లో రాసేయండి. రెక్స్‌ను 1979లో ఐబీఎంలో మైక్ కౌలిషా మొదలుపెట్టారు. ఇంగ్లీషు చదివినట్టే చదవవచ్చు. అవుట్‌ట్రాప్ అనే ఫంక్షనుతో టీఎస్‌ఓ కమాండు ఇచ్చే జవాబును పట్టుకుని, కావలసిన లైను తీసుకోవచ్చు. ప్రతి ఉదయం మనిషి చూసే పది విషయాలు ముప్పై లైన్ల రెక్స్ చూసి, తేడా ఉంటేనే చెబుతుంది. వీఎస్ కోడ్, గిట్, ఆన్సిబుల్ తెలిసిన కొత్త పిల్లలు వాటితోనే మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేయవచ్చు, దారులు వచ్చాయి. ఆకుపచ్చ తెర వాడనివాడు సిస్టం ప్రోగ్రామరే కాదనే మాట మావాళ్లు కొందరు అంటారు. దాన్ని నేను ఒప్పుకోను. ఏ నాగలితో దున్నినా సాలు తిన్నగా ఉంటే చాలు.

రాసి పెట్టడం

అన్నిటికంటే తక్కువమంది చేసేది ఇది. అందుకే చివరకు ఉంచాను.

విదేశంలో ఒక కంపెనీలో నేను పనిచేసినప్పుడు, అక్కడ చాలా ఏళ్లు చేసి రిటైరైన పెద్దాయన రాసిన ఒక ఎగ్జిట్ ఉండేది. ఎగ్జిట్ అంటే ఆపరేటింగ్ సిస్టంలో మన అవసరానికి అమర్చుకునే చిన్న అసెంబ్లర్ ప్రోగ్రాం. కొత్త వెర్షనుకు మారే ముందు దాన్ని సరిదిద్దాల్సి వచ్చింది. సోర్సు లేదు. అది ఎందుకు ఉందో తెలిసినవారు లేరు. ఆయనకు ఫోను చేద్దామంటే అప్పటికి ఆయన కాలం చేశారు. పది లైన్ల ఆ ప్రోగ్రాం ఏం చేస్తుందో మెషిన్ కోడు నుంచి తేల్చడానికి ఇద్దరికి రెండు వారాలు పట్టింది. ఒక నిర్ణీత విభాగం జాబులు రాత్రిపూట మాత్రమే నడవాలనే నియమం అది. ఆ విభాగమే మూసేసి చాలా కాలమైంది.

ఎగ్జిట్ ఏదైనా ఎస్ఎంపీఈలో యూజర్‌మాడ్‌గా పెట్టండి. అప్పుడు సోర్సు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, అదే భాగానికి ఐబీఎం మరమ్మతు వస్తే ఎస్ఎంపీఈ హెచ్చరిస్తుంది. అంతకంటే ముఖ్యం, పైన నాలుగు లైన్ల కామెంటు రాయండి. ఏం చేస్తుందన్నది కోడు చూస్తే తెలుస్తుంది. ఎందుకు పెట్టామో, ఎవరు అడిగారో, ఎప్పుడు తీసేయవచ్చో రాయండి.

మార్పు చేసినప్పుడల్లా రాసే నోటుకు నేను కొత్త ఫారం ఏదీ కనిపెట్టలేదు. మన సైన్సు మాస్టార్లు రికార్డు పుస్తకంలో రాయించిన వరసే వాడతాను. తేదీ, ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం. మా పిల్లలకు ఒక్క గడి మాత్రం కలిపి ఇస్తాను: వెనక్కి రావాలంటే ఏం చేయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ మార్పుకు నేను సంతకం పెట్టను. రాయలేకపోతున్నారంటే వాళ్లకు దారి తెలియలేదని అర్థం.

ఒకసారి ఒక బీమా సంస్థలో కొత్త సిస్‌రెస్ మీద సిస్టం లేచాక ఒక బయటి కంపెనీ ఉత్పత్తి పనిచేయలేదు. దాని అనుమతి సంకేతం ఆ వెర్షనుకు చెల్లదు. ఆ ఆదివారం మధ్యాహ్నం డ్యూటీలో ఉన్నది ఏడాది అనుభవం కూడా లేని అమ్మాయి. ఆ గడిలో రాసి ఉన్న ఆరు మెట్లూ వరసగా చేసి, పాత డిస్కు నుంచి సిస్టం లేపి, డి ఐపీఎల్‌ఇన్ఫోతో సరిచూసుకుని, అప్పుడు మాకు ఫోను చేసింది. "వెనక్కి వచ్చేశాం సార్, ఇప్పుడు అంతా మామూలే" అంది. సోమవారం ఆ కంపెనీ కస్టమర్లలో ఒక్కరికీ ఏమీ తెలియలేదు. మా వృత్తిలో మంచి పని ఎవరికీ తెలియదు. తెలిసిందంటే ఏదో చెడిందన్నమాట.

ఇక ఒక మనవి. 2000 సంవత్సరం సమస్యకు వెళ్లిన తరం ఇప్పుడు రిటైర్‌మెంటుకు దగ్గరపడుతోంది. వాళ్ల తలల్లో ఉన్నది కాగితం మీదికి రాకపోతే వాళ్లతోనే పోతుంది. ఈ హాల్లో మా లైనులో ఉన్న ప్రతివారూ ఇంటికి వెళ్లాక, మీకు మాత్రమే తెలిసిన ఒక్క విషయం ఒక పేజీలో రాసి మీ తర్వాతివారి చేతిలో పెట్టండి. నెలకు ఒకటి చాలు.

ఇంటర్, డిగ్రీ చదివే మన పిల్లలకు ఈ పని మీద ఆసక్తి ఉంటే డబ్బు పెట్టి కోర్సుల్లో చేరక్కర్లేదు. ఐబీఎం వారి జెడ్ ఎక్స్‌ప్లోర్‌లో ఉచితంగా నిజమైన మెయిన్‌ఫ్రేమ్ మీద నేర్చుకోవచ్చు. హెర్క్యులీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో మామూలు పీసీ మీదే పాతకాలపు ఎంవీఎస్ లేపి చూడవచ్చు. అక్కడ పడగొట్టినా ఎవరి ఖాతాకూ నష్టం లేదు కాబట్టి ధైర్యంగా పడగొట్టండి, లేపడం నేర్చుకోండి. దారిలో ఆగిపోతే సంఘం కార్యాలయంలో చెప్పండి. ఆదివారం మా మార్పులు లేని రోజుల్లో కూర్చుని నేర్పడానికి నేను సిద్ధం. మా లైనులో ఉన్న ఇంకో నలుగురైదుగురు ముందుకు వస్తే ఏడాది పొడవునా నడపవచ్చు.